ఒకే బీరువా, రెండు నడుములు

అత్తగారు ఇల్లు మారిన రోజున లిఫ్టు పనిచెయ్యలేదు. పనిచేసినా ఆ బీరువా అందులో పట్టేది కాదు. అందుకని ఇద్దరు మగాళ్ళు దాన్ని మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దింపారు. పై కొస పట్టుకున్నది ఆవిడ అల్లుడు, వీధి మలుపులో డ్రైక్లీనింగ్ షాపు నడిపే మాస్టారు. కింది కొస పట్టుకున్నది ఆవిడ కొడుకు, లిఫ్టు మెకానిక్కు. గుమ్మం కనబడితే చాలు అలవాటుగా తల వంచేంత ఎత్తు కాబట్టి చిన్నప్పటినుంచీ అతన్ని అందరూ పొడుగు అనే పిలుస్తారు.

"ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు. కన్నతల్లి లిఫ్టు మాత్రం వీడి కంటికి ఆనదు" అని అత్తగారు పై మెట్టు మీద నిలబడి అంటూనే ఉంది.

"అమ్మా, నువ్వు కాస్త ఊరుకుంటే బరువు సగం తగ్గుతుంది" అన్నాడు పొడుగు కిందనుంచి.

రెండో మలుపు దగ్గర బీరువా కాలు మెట్ల కమ్మీకి తగులుకుంది. విడిపించబోతే ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. పడిపోతుందేమోనని ఇద్దరూ ఒకేసారి మీదికి వంగి పట్టేశారు. ఇద్దరి నడుములూ ఒకేసారి కలుక్కుమన్నాయి. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున ఇద్దరూ మంచం మీదనుంచి లేవలేకపోయారు. అత్తగారు మాత్రం బీరువాకి ఒక్క గీత కూడా పడలేదని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయింది.

మూడు వారాలయ్యేసరికి పొడుగు మళ్ళీ లిఫ్టు గుంటల్లోకి దిగుతున్నాడు. కొన్నాళ్ళు ఒక పక్కకి వాలి నడిచాడు. ఆ తర్వాత తన నడుము పట్టేసిందన్న సంగతే మరిచిపోయాడు.

మాస్టారికి అలా జరగలేదు.

ఆయన్ని మాస్టారని పిలవడం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎంత మొండి మరకైనా, ఎంత ముడతలు పడ్డ కోటైనా ఆయన చేతిలో పడితే బుద్ధిగా మాట వింటుందని ఆ పేరొచ్చింది. షాపు ఇరుకు. ముందు గల్లా బల్ల, వెనక ఆవిరి ఇస్త్రీ ప్రెస్సు, నెత్తిమీద పొడుగాటి గొట్టానికి వేలాడే బట్టలు, ప్రతిదానికీ గుండీకి కట్టిన నంబరు చీటీ. పాతకాలం ప్రెస్సు అది. బట్ట పరిచి, పైమూతని కుడిచేత్తో కిందికి లాగి, ఆవిరి వదిలేదాకా అదిమిపట్టాలి. రోజంతా వంగడం, లేవడం, హోటళ్ళ కిటికీ తెరలు ఉతికి ఆ తడి బుట్టలెత్తడం, మూత లాగడం. ఇరవై యేళ్ళుగా ఆయనకది పనిలా ఉండేది కాదు, ఊపిరి పీల్చినట్టుండేది.

నడుము పట్టేసిన వారంలో డాక్టరు దగ్గరికెళితే స్కాను తీయించమన్నాడు. తీయించాక చూసి, "మీ వెన్ను మీ వయసుకన్నా పదేళ్ళు ముందుంది. ఎముకల మధ్య అరిగిపోయింది. ఇక వంగకండి, బరువులెత్తకండి. జాగ్రత్తగా ఉండకపోతే మంచం పడతారు" అన్నాడు. బయట ఇంకో ముప్ఫైమంది పేషెంట్లు కూర్చుని ఉన్నారు. ఆయన మంచికే చెప్పి ఉంటాడు. చెప్పి ఆ సాయంత్రానికి మరిచిపోయి ఉంటాడు కూడా. మాస్టారు మాత్రం మరిచిపోలేదు. చెప్పుల కోసం వంగబోతే ఆ మాట. పడిపోయిన హ్యాంగరు తియ్యబోతే ఆ మాట. చివరికి వంగడమే మానేశాడు. నడుముకి పట్టీ కట్టుకున్నాడు. నిలబడి చేసే పనులు కూర్చుని చేశాడు. కూర్చోవడం కష్టమయ్యాక పడుకున్నాడు. షాపు భార్య చేతిలోకి వెళ్ళింది.

ఇంత జాగ్రత్త పడుతున్నా నొప్పి తగ్గలేదు. నడుములో ఉన్నది చుట్టపుచూపుగా ఎడమకాల్లోకి వెళ్ళింది. అక్కడ బాగున్నట్టుంది, ఉండిపోయింది. తర్వాత మెడలోకి కూడా వచ్చింది. మాత్రలు, సూదులు, ఎవరో చెప్పిన తైలం, ఇంకెవరో చెప్పిన గట్టి పరుపు. ప్రతిదీ కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉండేది. మూడో ఏట ఇంకో డాక్టరు కొత్త స్కాను చూసి, "కంగారు పడాల్సిందేమీ లేదండీ. మీకేం లేదు" అన్నాడు.

ఆ పూట ఇంటికొచ్చి మాస్టారు భార్యతో ఒకే మాటన్నాడు. "నాకేం లేకపోతే మరి ఈ నొప్పి ఎవరిది?"

ఇంటి పక్క వాటాలోనే అత్తగారూ, పొడుగూ, అతని భార్యా ఉండేవాళ్ళు. ఆ రోజు బీరువాని తెచ్చింది ఆ వాటాలోకే. కాబట్టి పోలిక ఎప్పుడూ కళ్ళముందే తిరుగుతుండేది. మొదట్లో పొడుగు సరదాకే అనేవాడు. "బావా, బీరువా ఒకటే, మెట్లూ అవే. కొంపదీసి నీ వైపు నాలుగు పళ్ళేలు ఎక్కువ పెట్టిందా అమ్మ?" మాస్టారు కూడా నవ్వేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నవ్వు పలచబడింది. అక్క ఒక్కతే పొద్దున్నే షాపు తీసి, సాయంత్రం దాకా ఆవిరిలో నిలబడి, ఇంటికొచ్చి వంట చెయ్యడం చూస్తుంటే తమ్ముడికి కడుపు మండేది. ఆ మంట ఎవరిమీద చూపించాలో అతనికి తెలియలేదు.

ఒకరోజు వరండాలో బల్బు మారుస్తూ, కాసేపు నిచ్చెన పట్టుకోమని బావనడిగాడు. మాస్టారు గుమ్మం దాకా వచ్చి, నిచ్చెన వైపు చూసి, "ఇవాళ నావల్ల కాదురా" అన్నాడు.

"నీది నడుం నొప్పి కాదు బావా" అన్నాడు పొడుగు నిచ్చెన మీదనుంచే. "పని నొప్పి."

మాస్టారు లోపలికెళ్ళిపోయాడు. అక్క వింది. తమ్ముణ్ణి కడిగిపారేసింది. కానీ జారిన మాట వెనక్కి రాదు కదా. ఆ తర్వాత బావా బావమరుదులు ఎదురుపడితే తలలూపుకునేవాళ్ళు, అంతే. మాస్టారికి బాధ కలిగించింది ఆ మాట ఒక్కటే కాదు. నిజంగానే తను నటిస్తున్నాడేమోనని తనకే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. పడుకుని కప్పు వైపు చూస్తూ ఆలోచించేవాడు. ఒకే బీరువా. వాడికి పోయింది, నాకెందుకు పోలేదు? నేను వాడికంటే తక్కువ మనిషినా?

నాలుగో ఏట, ఒక శనివారం మధ్యాహ్నం, ఎవరో తలుపు కొట్టారు. గొడుగు, మెడలో గుర్తింపు కార్డు, అరిగిపోయిన బూట్లు, చేతిలో ట్యాబు ఉన్న అమ్మాయి. మంచినీళ్ళడిగింది. తాగాక వచ్చిన పని చెప్పింది.

"ఈ వీధిలో పెద్దవాళ్ళందర్నీ అడుగుతున్నామండీ. యూనివర్సిటీ తరఫున. ఒంట్లో నొప్పి మూణ్ణెల్లు దాటి ఎవరికి ఉంటోంది, కొందరికి ఎందుకు తగ్గిపోతోంది, కొందరికి ఎందుకు ఉండిపోతోంది అని. మళ్ళీ వచ్చే ఏడు కూడా వచ్చి ఇవే అడుగుతాను."

"నొప్పుల గురించి అడగడానిక్కూడా జీతమిస్తారా!" అంది అత్తగారు. తలుపు చప్పుడు వినగానే తన కుర్చీ తనే తెచ్చుకుని వచ్చేసింది ఆవిడ.

"మీతో విడిగా మాట్లాడతాను సర్" అంది అమ్మాయి మాస్టారితో.

"ఈ ఇంట్లో విడిగా అంటే బాత్రూమేనమ్మా" అంది అత్తగారు.

"పర్వాలేదు, ఇక్కడే అడగండి. దాపరికమేముంది" అన్నాడు మాస్టారు. పక్కకి తిరిగి, మెల్లగా లేచి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అక్క రమ్మంటే వచ్చి గుమ్మం దగ్గర కుళాయి బిగిస్తున్న పొడుగు చేతిలో స్పానరుతో అలాగే ఉండిపోయాడు.

అమ్మాయి ఒక్కొక్కటే అడిగింది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ పనులు మానేశారు. ప్రతి జవాబు తర్వాతా కాసేపు ఆగేది. తొందరపెట్టేది కాదు. నొప్పి గురించి ఇంతసేపు ఆయన్ని మాట్లాడనిచ్చినవాళ్ళు ఇంతకుముందు లేరు. మొదట్లో ముక్తసరిగా చెప్పిన మాస్టారు మెల్లగా ముందుకి జరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"మీ నొప్పి గురించి ఎవరైనా అన్న మాట మీకు బాగా గుర్తుండిపోయిందా?"

"మీ వెన్ను మీ వయసుకన్నా పదేళ్ళు ముందుంది. ఇక వంగకండి, బరువులెత్తకండి. జాగ్రత్తగా ఉండకపోతే మంచం పడతారు." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

అమ్మాయి తల దించుకుని రాసుకుంది.

"నొప్పి మొదలవకముందు, ఆ నాలుగైదు నెలల్లో, నిద్ర ఎలా ఉండేది సర్?"

మాస్టారు నవ్వాడు. "నిద్రా? ఆసుపత్రిలో కుర్చీలో ఎంత నిద్ర పడుతుందో అంత."

"ఆసుపత్రి ఎందుకు?"

"మా అన్నయ్య కోసం. నన్ను పెంచింది వాడే. ఈ పని నేర్పింది కూడా వాడే. షాపు కట్టేసి అక్కడికెళ్ళి, తెల్లారాక మళ్ళీ షాపుకొచ్చేవాణ్ణి. అలా ఓ చలికాలమంతా. తర్వాత పోయాడు."

"ఎప్పుడు పోయారు?"

"బీరువా దింపడానికి ముందు వారమే."

అందరికీ తెలిసిన సంగతే అది. ఆ చావుకి అందరూ వెళ్ళారు. కానీ ఆ వారాన్నీ ఈ వారాన్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మాస్టారు కూడా.

అమ్మాయి ట్యాబు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అడిగింది ఆమె అడగాల్సిన ప్రశ్నల్లో లేదు. "అలాంటప్పుడు బీరువా మొయ్యడానికి ఎందుకెళ్ళారు సర్?"

"ఇంట్లో కూర్చుంటే ఏడుపొచ్చేది" అన్నాడు మాస్టారు. "బీరువా మోసేటప్పుడు ఎవరూ ఏడవరు కదా."

అత్తగారు తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఆ రోజు పొద్దున "లేవండి అల్లుడుగారూ, ఎండ ముదురుతోంది" అని ఫోను చేసి పిలిచింది ఆవిడే.

తర్వాత పొడుగు వంతు వచ్చింది. అతను గుమ్మం దగ్గరనుంచే గట్టిగా జవాబులు చెప్పాడు. నొప్పా, తనకా, ఏమీ లేదు. ఎప్పుడైనా వచ్చిందా? వచ్చింది, ఒకసారి, బావతో పాటే.

"అప్పట్లో నిద్ర ఎలా ఉండేదండీ?"

"మంచమెక్కితే కుంభకర్ణుణ్ణే."

"మనసు?"

"పెళ్ళి కుదిరిన కొత్త. నేల మీద నడిచేవాణ్ణి కాదనుకోండి."

"డాక్టరు దగ్గరికెళ్ళారా?"

"వెళ్ళే తీరికేదీ? మా సూపర్‌వైజరు చెప్పాడు. 'నాకూ రెండుసార్లు పట్టేసిందిరా, దానంతటదే పోతుంది, పడుకోకు, మెల్లగా తిరుగుతూ ఉండు' అని. తిరిగాను. పోయింది."

చివరి మాట దగ్గర అతని గొంతు తగ్గింది. తను చెప్పిన జవాబులన్నీ అతనికే వినబడినట్టున్నాయి. స్పానరు కింద పెట్టాడు.

"బావకి ఆ మాట ఎవరూ చెప్పలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

ఇక మిగిలింది మాస్టారి భార్య. వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. షాపు మధ్యాహ్నం మూసి, అమ్మాయి రావడానికి కాస్త ముందే ఇంటికొచ్చింది.

"నాకేం లేదమ్మా. లేదని రాసేసుకో."

"ఇందాక నాకు నీళ్ళిచ్చేటప్పుడు, పై అరలో గ్లాసు కుడిచేత్తో అందుకోబోయి ఆగిపోయారు మేడమ్. తర్వాత ఎడంచేత్తో తీశారు" అంది అమ్మాయి.

ఆమె తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"భుజం" అంది చివరికి. "రెండేళ్ళయింది. ప్రెస్సు మూత లాగేటప్పుడు మొదలైంది. ఇప్పుడు జుట్టు ముడేసుకోవాలన్నా లాగేస్తుంది."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పను? ఇంటికో రోగి చాలడా?" అంది నవ్వుతూ. ఆమె సణగలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

మాస్టారు ఆమె ముఖం వైపు చూశాడు. ఆ ప్రెస్సు మూత ఎంత బరువో ఆయన చేతికి తెలుసు. ఎన్ని కోట్లకి ఎన్నిసార్లు లాగాలో తెలుసు. తను కప్పు చూస్తూ పడుకున్న రోజులన్నీ ఆమె దాన్ని లాగుతూనే ఉందని కూడా తెలుసు. తెలిసి కూడా ఆ భుజం ఎలా ఉందో ఎప్పుడూ అడగలేదు. తన నొప్పి ఎంత గట్టిగా అరుస్తుండేదంటే ఆయనకి ఇంకేదీ వినబడేది కాదు.

"మరి నా మోకాళ్ళ సంగతి అడగవేం?" అంది అత్తగారు. "ఈ ఇంట్లో అందరి నొప్పులకంటే వాటికే వయసెక్కువ."

అమ్మాయి పగలబడి నవ్వింది. తర్వాత ఆ మోకాళ్ళ చరిత్రంతా ఓపిగ్గా విని రాసుకుంది. పొడుగు భార్య పనికి వెళ్ళిందంటే, ఆమె కోసం మళ్ళీ వస్తానంది.

వెళ్ళేముందు మాస్టారు ఆమెని ఆపాడు. "ఒక్కటి చెప్పమ్మా. నాది మనసులో ఉన్న నొప్పంటావా?"

"నేను డాక్టర్ని కాదు సర్. కానీ మాకు మొదటిరోజు నేర్పిందేంటంటే, నొప్పి ఉందని మనిషి చెప్తే ఉన్నట్టే. ఒంటికి తగిలిన దెబ్బ మానిపోయినా నొప్పి ఉండిపోవచ్చట. దానికి ఒక్కటే కారణం ఉండదట. నిద్ర లేకపోవడం, దుఃఖం, భయం, కదలకుండా ఉండటం, అన్నీ తలో చెయ్యీ వేస్తాయట." ఆగి, "జనరల్ ఆసుపత్రిలో నొప్పుల క్లినిక్కుంది సర్. ఇద్దరూ వెళ్ళండి" అంది.

తలుపు వేశాక పొడుగూ, అత్తగారూ తమ వాటాలోకి వెళ్ళిపోయారు.

"రెండేళ్ళా?" అన్నాడు మాస్టారు.

"మీరే పడుకుని ఉన్నారు. మీకు చెప్తే ఏం చేస్తారు, లేచేస్తారా?" అంది ఆమె.

"లేచేవాణ్ణేమో."

ఆమె ఆయన పక్కన వచ్చి కూర్చుంది. ఆయన ఆమె కుడిభుజం మీద చెయ్యి వేశాడు. నొప్పి ఎక్కడుందో వేలితో వెతుకుతూ, "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగాడు. "కాస్త కింద" అంది ఆమె.

ఆ తర్వాతి వారం ఇద్దరూ కలిసి క్లినిక్‌కి వెళ్ళారు. ఆసుపత్రి వెనక భాగంలో పెద్ద గది, నేలంతా చాపలు. బస్సు డ్రైవరు, పాటల టీచరు, ఇళ్ళకి రంగులేసే అతను, మెడ తిప్పకుండా మనిషంతా తిరిగి చూసే బ్యాంకు ఉద్యోగి ఉన్నారక్కడ. ఆ బ్యాంకు ఉద్యోగిని తప్పిస్తే, బయట రోడ్డు మీద చూసి వీళ్ళలో ఒక్కరికి కూడా నొప్పి ఉందని ఎవరూ అనుకోరు. అందర్నీ చూసుకునేది కసరత్తులు నేర్పే, యాభై దాటిన ఫిజియో ఆవిడ. బొద్దుగా ఉంటుంది, కానీ బంతిలా లేస్తుంది.

మాస్టారి స్కానుని ఆవిడ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. "ఇంత అరుగుదల నొప్పి లేనివాళ్ళలో కూడా బోలెడుమందికి ఉంటుందండీ. వయసొస్తే జుట్టు నెరిసినట్టే ఇదీను. తల నెరిసిందని ఎవరైనా మంచం ఎక్కుతారా?"

"మరి నొప్పి?"

"నొప్పి నిజం. దెబ్బ మానడం వేరు, నొప్పి మానడం వేరు. మీ దెబ్బ ఎప్పుడో మానిపోయింది. ఆ సంగతి మీద మీ ఒంటికి ఇంకా నమ్మకం కుదరలేదు. మెల్లగా నమ్మించాలి."

"అయితే వంగొచ్చా?"

"వంగొచ్చు."

"విరిగిపోదు కదా?"

"వంగడానికేనండీ వెన్ను ఉన్నది."

ఆవిడ తన మెడలోని తువ్వాలు తీసి చాప మీద పడేసింది. మాస్టారు దానివైపు చాలాసేపు చూశాడు. భార్య ముందుకి అడుగెయ్యబోతే ఫిజియో ఆవిడ చేత్తో ఆపింది. ఆయన వంగాడు. నొప్పి వచ్చింది. రావాల్సినంతా వచ్చింది. ఇప్పుడు లోపల ఏదో పుటుక్కుమంటుందని ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. తువ్వాలు తీసుకుని నిటారుగా నిలబడి, దాన్ని అలవాటుగా నాలుగు మడతలు పెట్టాడు. పెడుతూ పెడుతూ ఏడ్చేశాడు. ఎందుకేడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఫిజియో ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది. బస్సు డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాస్టారు దారి పొడుగునా అన్నయ్య గురించే మాట్లాడాడు. చొక్కా కాలరు వెనకనుంచి మొదలుపెట్టి ఇస్త్రీ చెయ్యాలని పన్నెండేళ్ళ తనకి ఎలా నేర్పించాడో, తప్పు చేస్తే తిట్టకుండా ఆ చొక్కానే మళ్ళీ నీళ్ళు చల్లి ఎలా ఇచ్చేవాడో చెప్పాడు. అన్నయ్య పోయాక ఆయన నోట ఇన్ని మాటలు రావడం అదే మొదటిసారి. భార్య వింటూ కూర్చుంది. దిగాల్సిన చోటు దాటిపోయినా ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిపోయిందంటే అబద్ధమే. మొదట నాలుగిళ్ళ అవతలిదాకా నడిచేవాడు. తర్వాత షాపుదాకా. షాపులో గుండీలకి చీటీలు కట్టేవాడు. ఒకరోజు ఒళ్ళు తేలిగ్గా ఉందని ఉత్సాహం పట్టలేక, హోటలు తెరల బుట్ట ఎత్తేశాడు. వారంపాటు మంచం మీదే ఉన్నాడు. ఫిజియో ఆవిడకి ఫోను చేసి, "మళ్ళీ మొదటికొచ్చింది" అన్నాడు.

"మొదటికి ఎక్కడొచ్చిందండీ? మొదట్లో మీరు నాకు ఫోన్ చేసేవాళ్ళు కాదుగా" అంది ఆవిడ. "రేపు ఇంట్లోనే కాస్త నడవండి. ఎల్లుండి ఇంకాస్త."

పొడుగు మాత్రం చాలారోజులు మొహం చాటేశాడు. ఒక ఆదివారం పొద్దున, షాపు మూసి ఉన్నప్పుడు, అక్క దగ్గర తాళం చెవి అడిగి తీసుకున్నాడు. మాస్టారు వెళ్ళి చూసేసరికి ప్రెస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ పొడుగు కాళ్ళు ఎవరివో అడగక్కర్లేదు.

"ఏం చేస్తున్నావురా?"

"ఈ మూతకి వెనకాల ఎదురుబరువు కడుతున్నా బావా. లిఫ్టుకి ఉన్నట్టే. కాలితో తొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. చెయ్యి పైకెత్తి లాగక్కర్లేదు." కాసేపు ఇనుము చప్పుడు. "నాలుగేళ్ళ కిందటే చెయ్యాల్సింది. ఎప్పుడూ దీని వంక చూడనే లేదు."

మాస్టారు గోడ పట్టుకుని మెల్లగా వంగి, కింద పెట్టెలోంచి నట్టు తీసి అందించాడు. పొడుగు అందుకుని, బయటికి రాకుండానే అన్నాడు.

"బావా. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?"

"అదే. పని నొప్పని."

"ఓ, అదా. పేరు బాగానే పెట్టావురా. కాకపోతే ఆ నొప్పి నాది కాదు, మీ అక్కది."

ప్రెస్సు కిందనుంచి నవ్వు వచ్చింది. నవ్వుతూ లేవబోయి పొడుగు నుదురు ఇనుప కడ్డీకి కొట్టుకున్నాడు. ఆ రోజంతా బొప్పితో తిరిగాడు. సాయంత్రానికి అక్క వచ్చి తొక్కి చూసింది. మూత దూదిలా దిగింది. ఆమె మళ్ళీ తొక్కింది. మళ్ళీ తొక్కింది. బట్ట ఏమీ లేకుండానే చాలాసేపు తొక్కుతూ నిలబడింది. తర్వాత తమ్ముడి బొప్పి మీద చల్లటి తడిగుడ్డ పెట్టింది.

అత్తగారు కూడా క్లినిక్‌కి వెళ్ళసాగింది. మొదటిరోజే ఫిజియో ఆవిడతో, "కూర్చుని లేవమంటావేంటమ్మా, కూర్చున్నాక లేవడమే గగనమని కదా నీ దగ్గరికొచ్చింది" అని దెబ్బలాడింది. అయినా మానలేదు. ఒకసారి తిరిగొస్తూ, అల్లుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాక, ఆ చెయ్యి వదలకుండానే అంది.

"ఆ వేళ మిమ్మల్ని పిలవకుండా ఉండాల్సింది అల్లుడుగారూ. మనిషి పోయిన ఇల్లని కూడా చూసుకోలేదు."

"మీరు పిలవకపోతే ఆ రోజు నేనేమైపోయేవాణ్ణో అత్తయ్యా. ఆ ఫోను మోగబట్టే లేచి కూర్చున్నాను" అన్నాడు మాస్టారు. ఆవిడని ఓదార్చడానికి అన్న మాట కాదది. అన్నాక అది నిజమేనని ఆయనకే తెలిసింది. నాలుగేళ్ళు ఆ బీరువాని తిట్టుకున్నాడు గానీ, ఆ పొద్దున తనని గుర్తుపెట్టుకుని పిలిచిన మనిషిని తలుచుకోలేదు.

మరుసటి ఏడు సర్వే అమ్మాయి చెప్పినట్టే వచ్చింది. ఈసారి షాపుకే వచ్చింది. మాస్టారు గల్లా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"నొప్పి ఉందా సర్?"

"ఉందమ్మా. వారానికి రెండు మూడు రోజులు పలకరించి పోతుంది. కానీ ఇప్పుడు ఇంటి పెత్తనం దానిది కాదు."

భార్య భుజం చాలావరకు నయమైంది. జుట్టు తనే ముడేసుకుంటోంది. అన్నీ రాసుకున్నాక అమ్మాయి వెళ్ళబోతే మాస్టారు బల్ల దాటి ముందుకొచ్చాడు.

"నీకు దండం పెట్టాలమ్మా."

"అయ్యో, నేనేం చేశాను సర్! అడిగానంతే."

"అంతమందిమి ఉండి ఒకళ్ళనొకళ్ళం అడగలేదు. నువ్వొచ్చి అడిగావు" అన్నాడు. ఆమె వేసుకున్న కోటు మీద మరక చూసి, "అది విప్పి ఇటివ్వు. మరక తీసి పంపిస్తాను" అన్నాడు. ఆమె ఎంత వద్దన్నా వినలేదు. కోటు తయారయ్యేదాకా మాస్టారి భార్య ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, వీధులన్నీ తిరిగే ఆ కాళ్ళు ఎలా ఉన్నాయో అడిగింది. "మా ప్రశ్నల్లో అది లేదు మేడమ్" అని నవ్వి, ఆ అమ్మాయి బూట్లు విప్పి పాదాలు చాపుకుంది.

ఇప్పుడు ఆ షాపుకి బుధవారం మధ్యాహ్నం సెలవు. నిద్ర కూడా మందేనని ఫిజియో ఆవిడ చెప్పినప్పటినుంచీ భార్యాభర్తలిద్దరూ ఆ పూట ఇంటికెళ్ళి నడుం వాలుస్తారు. కిటికీ రెక్కలు దగ్గరగా వేసుకుంటారు. కాసేపు కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి మాట మధ్యలోనో ఎవరో ఒకరు నిద్రపోతారు. మాస్టారు మెలకువగా ఉంటే, పక్కన ఆమె ఊపిరి వింటూ పడుకుంటాడు. అలా పడుకున్నప్పుడు ఆయనకి ఎవరికో కృతజ్ఞత చెప్పాలనిపిస్తుంది. ఎవరికో ఒక్కరికే చెబితే సరిపోదనిపించి ఊరుకుంటాడు.

మొన్న బుధవారం ఒక పెద్దమనిషి అర్జంటుగా సూటు కావాలని షాపు నుంచి ఇంటిదాకా వెతుక్కుంటూ వచ్చాడు. వరండాలో పొడుగు కూర్చుని సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు.

"మాస్టారున్నారా?"

"ఉన్నారు. పడుకున్నారు."

"ఒంట్లో బాలేదా?"

"బాగుందండీ" అన్నాడు పొడుగు, గొంతు తగ్గించి. "బాగుంది కాబట్టే నిద్ర పట్టింది. కూర్చోండి, లేచాక ఇప్పిస్తాను."

పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. తలుపు వైపు చూశాడు. లోపలినుంచి ఇద్దరి గురకా వినబడుతోంది. ఏమనుకున్నాడో, టై వదులు చేసుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు.